కొత్త ఫోనును ‘చూడడం’ అంటే ఏమిటి?

 

గత నెలలో నేనొక కొత్త మొబైల్ ఫోను తీసుకున్నాను. మద్రసాలో పాఠాలు చెప్పుకునే వాడికి ఫోన్ల గురించి వ్రాసే పని ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజానికి ఈ విషయాన్ని నేను ఎంచుకోలేదు. మా వీధిలోని ఒక సోదరి అడిగిన ప్రశ్న నా చేత దీనిని వ్రాయిస్తోంది.

ఆమె భర్త కువైట్‌లో డ్రైవరుగా పని చేస్తున్నారు. మా కడప ప్రాంతంలో కువైట్‌తో సంబంధం లేని వీధి అరుదు. ఆయనకు సెలవు దొరికేది రెండేళ్లకు ఒకసారి. మిగిలిన రోజుల్లో పిల్లలిద్దరూ తండ్రి ముఖం చూసేది ఫోనులోనే. మనకు రాత్రి తొమ్మిదిన్నర అయినప్పుడు అక్కడ ఏడు గంటలు. ఆయన పని ముగించుకుని వచ్చే వేళ అది. ఆ సోదరి కుట్టుమిషను మీద సంపాదించిన డబ్బు కూడబెట్టి పదహారు వేలకు ఒక ఫోను కొన్నారు. దాని వీపు గాజుది. వెలుతురులో త్రిప్పితే నెమలికంఠం రంగులు పలికేది. రెండు నెలలు గడవక ముందే అది మంచం మీది నుండి కడప బండల నేల మీద పడింది. వీపు పగిలింది. టేపు అంటించి కొన్నాళ్లు నెట్టుకొచ్చారు. తరువాత తెర మీద గీతలు వచ్చి, ఒకరోజు పూర్తిగా నల్లబడింది. బాగు చేయడానికి అడిగిన మొత్తం ఫోను వెలలో సగం. ఆ డబ్బు సమకూరే వరకు పన్నెండు రాత్రులు ఆ ఇంట్లో తొమ్మిదిన్నర గంటలు మౌనంగా గడిచాయి.

నేను కొత్త ఫోను తీసుకున్నానని తెలిసి ఆమె నా భార్యతో ఇలా చెప్పి పంపారు: “మౌల్వీ సాబ్ ఫోనును చేతిలోకి తీసుకుని బాగా చూసి, ఏది గట్టిదో ఏది ఉత్త మెరుపో చెప్పమనండి. ఈసారి మెరుపు చూసి కొనలేను.”

నా ఫోనును మా పెద్దబ్బాయి ఆన్‌లైన్‌లో తెప్పించాడు. గురువారం అసర్ నమాజు తరువాత పార్శిలు వచ్చింది. మర్నాడు సెలవు గనుక పై తరగతి విద్యార్థులు నలుగురైదుగురు నా గదిలోనే ఉన్నారు. పెట్టె విప్పుతుండగా వారిలో ఒకడు నవ్వుతూ, “హజ్రత్, చూడకుండా కొన్నారు గనుక మీకు ఖియారే రూయత్ ఉంది” అన్నాడు.

ఆ మాట తెలియని పాఠకుల కోసం కొంచెం వివరిస్తాను. చూడకుండా కొన్న సరుకును, చూసిన తరువాత ఇష్టం లేకపోతే తిరస్కరించే హక్కును మన హనఫీ ఫిఖహ్ గ్రంథాలు ఖియారే రూయత్ అంటాయి. చూశాక ఒప్పుకుంటే ఆ హక్కు ముగుస్తుంది. అయితే ఏ వస్తువును ఎంత చూస్తే ‘చూసినట్లు’ లెక్క? ఆ పాఠంలోని సారమంతా ఈ ప్రశ్నలో ఉంది. ధాన్యపు రాశికి పై పొర చూస్తే చాలు, ఎందుకంటే లోపలిదీ అదే. మాంసం కోసం కొనే గొర్రెను చేతితో తడిమి చూడాలి. పాల కోసం ఉంచుకునే గొర్రెకు పొదుగు చూడాలి. ఇంటి విషయంలో ముంగిలి చూస్తే చాలునని ఇమామ్ ఖుదూరీ వ్రాయగా, గదులలోకి వెళ్లి చూడవలసిందేనని ఇమామ్ జుఫర్ అన్నారు. పూర్వం ఆ ప్రాంతపు ఇళ్లన్నీ ఒకే తీరుగా ఉండేవి గనుక ముంగిలి సరిపోయిందనీ, ఇళ్ల లోపలి అమరికలు మారిన తరువాత లోపలికి వెళ్లక తప్పదనీ తరువాతి విద్వాంసులు తేల్చారు. చూపు లేని వ్యక్తికి చేతి స్పర్శే చూపుగా పరిగణించబడుతుంది.

విద్యార్థి పరిహాసానికి అన్న మాట నన్ను ఆలోచనలో పడవేసింది. ఫోను ధాన్యపు రాశి వంటిదా, ఇంటి వంటిదా? ఆ సోదరి చూసింది ముంగిలిని మాత్రమే. నేను గదులు కూడా చూడాలని నిశ్చయించుకున్నాను. ఆ వారం రోజుల పరిశీలన ఇది.

మొదట నా మనసును పట్టుకున్నది బరువు. పెట్టె నుండి తీయగానే అరచేతిలో నిండుగా కూర్చుంది. ‘ఇది గట్టి వస్తువు’ అని వెంటనే అనిపించింది. బరువుగా ఉన్న పాత్ర దళసరిగా ఉంటుందని మనకు అలవాటైన లెక్క. ఫోను విషయంలో ఆ లెక్క పని చేయదు. నేటి ఫోను బరువులో గణనీయమైన భాగం బ్యాటరీది, గాజుది. అవి బరువును పెంచుతాయే గాని దెబ్బకు తట్టుకునే శక్తిని పెంచవు. పైగా బరువైన వస్తువు క్రింద పడితే దానికి తగిలే దెబ్బ కూడా బరువుగానే ఉంటుంది. కాబట్టి బరువు చూసి మన్నికను అంచనా వేయవద్దు.

రెండవది, చుట్టూ ఉన్న చట్రం. వెండి రంగులో తళతళలాడింది. “చూశారా, లోహపు చట్రం” అని విద్యార్థుల ముందు నేనే పొగిడాను. మర్నాడు ఫజర్ తరువాత చల్లని వేళలో చేతిలోకి తీసుకుంటే సందేహం కలిగింది. వంటింట్లో స్టీలు గ్లాసు, ప్లాస్టిక్ మగ్గు ప్రక్కప్రక్కనే ఉంటాయి. రెండింటి వేడిమి ఒకటే. అయినా తాకితే స్టీలు గ్లాసే చల్లగా తోస్తుంది. లోహం మన వేలి వేడిని త్వరగా లాగివేస్తుంది గనుక అలా అనిపిస్తుంది. నా ఫోను చట్రం మగ్గులాగానే ఉంది, గ్లాసులాగా లేదు. మరొక గుర్తు కూడా ఉంది. లోహం రేడియో తరంగాలను అడ్డుకుంటుంది గనుక, నిజమైన లోహపు చట్రంలో సిగ్నలు కోసం అక్కడక్కడ సన్నని ప్లాస్టిక్ గీతలు ఉంచుతారు. నా ఫోనుకు అటువంటి గీత ఒక్కటీ లేదు. పెట్టె మీది అక్షరాలను మళ్లీ చదివాను. ‘మెటాలిక్ ఫినిష్’ అని ఉంది. అంటే లోహపు నిగారింపు అనే గాని లోహం అని అర్థం కాదు. కంపెనీవారు అబద్ధమాడలేదు, నేనే చదవలేదు. శనివారం తరగతిలో నా పొరపాటును విద్యార్థులకు చెప్పుకున్నాను.

అలాగని ప్లాస్టిక్ చట్రం లోపమని నేను అనడం లేదు. మంచి రకం ప్లాస్టిక్ కొంత వంగి మళ్లీ యథాస్థితికి వస్తుంది, దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. అల్యూమినియం చట్రం బిగువుగా ఉంటుంది, కాని గట్టిగా తగిలితే సొట్ట పడుతుంది. ఒకదానిని మరొకటిగా భావించి డబ్బు చెల్లించడమే నష్టం.

మూడవది వీపు. ఆ సోదరి ఇంట జరిగిన నష్టమంతా ఇక్కడే మొదలైంది. ఖరీదైన ఫోన్లలో వెనుక గాజు ఉంచడానికి ఒక కారణం ఉంది. తీగ లేకుండా ఛార్జింగ్ జరగాలంటే వెనుక లోహపు పలక ఉండకూడదు. గాజు గాని ప్లాస్టిక్ గాని కావాలి. అయితే ఆ సౌకర్యం లేని ఫోనుకు కూడా గాజు వీపు పెడితే, దాని ప్రయోజనం చాలా వరకు అలంకారమే. గాజు గీతలను బాగా ఓర్చుకుంటుంది గాని పడడాన్ని ఓర్చుకోలేదు. ప్లాస్టిక్‌కు గీతలు త్వరగా పడతాయి, కాని పగలడం అరుదు. బండల నేల ఉన్న ఇంటికి, చిన్నపిల్లల చేతులు పడే ఫోనుకు ఈ రెండింటిలో ఏది తగినదో వేరుగా చెప్పనక్కరలేదు.

తెరకు మాత్రం గాజు తప్పదు. 2007లో మొదటి ఐఫోను విడుదలకు ముందు దాని నమూనాలకు ప్లాస్టిక్ తెర ఉండేదనీ, జేబులోని తాళంచెవుల వల్ల గీతలు పడడం చూసి స్టీవ్ జాబ్స్ గాజు కావాలని పట్టుబట్టారనీ ప్రసిద్ధమే. అప్పటి నుండి అమెరికాకు చెందిన కార్నింగ్ సంస్థ గొరిల్లా గ్లాస్ పేరు లోకమంతా వ్యాపించింది. ఈ రకం గాజుకు బలం వచ్చే విధానం ఆసక్తికరమైనది. గాజు పలకను సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడిలో కరిగిన పొటాషియం లవణంలో ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటకు వెళ్లి, వాటి స్థానంలోకి పెద్దవైన పొటాషియం అయాన్లు వచ్చి ఇరుక్కుంటాయి. కిక్కిరిసిన నమాజు వరుసలో సన్నని మనిషి లేచిన చోట లావుపాటి మనిషి కూర్చుంటే వరుస ఎంత బిగుసుకుంటుందో, గాజు పైపొర అంత బిగుసుకుంటుంది. ఆ బిగువే పగులును నిరోధిస్తుంది.

అంతటి గాజు మీద కూడా మొదటి వారంలోనే నా ఫోనుకు సన్నని గీత పడింది. షేర్వానీ జేబులో తాళంచెవులతో కలిపి ఉంచాను. తాళంచెవులే కారణమనుకున్నాను. ఆలోచిస్తే అసలు దోషి జేబు అడుగున చేరిన ఇసుక రేణువు. ఇత్తడి తాళంచెవి గాజు కన్నా మెత్తనిది. ఇసుకలో ఉండే స్ఫటిక రేణువు మాత్రం గాజు కన్నా గట్టిది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో ఆ స్ఫటికానిది 7వ స్థానం. ఫోను తెరల మీద సాధారణంగా 6 దగ్గరే గీతలు మొదలవుతాయి. అందుచేత ఫోను ఉంచే జేబును అప్పుడప్పుడు తిరగవేసి దులపండి. పౌచి వాడేవారు నెలకొకసారైనా దానిని తీసి లోపలి దుమ్మును తుడవండి.

నాలుగవది అతుకులు. మా ఉస్తాద్ మాకు కితాబు కొనడం నేర్పినప్పుడు బంగారు అక్షరాల అట్టను చూడనిచ్చేవారు కాదు. పుస్తకాన్ని మధ్యకు విప్పి, దారంతో కుట్టిన జిల్దా, ఉత్త జిగురుతో అతికించినదా అని చూడమనేవారు. జిగురు జిల్దు ఒక్క విద్యా సంవత్సరానికే ఆకులు రాలుస్తుంది. ఫోనులోని అతుకులను కూడా అలాగే చూశాను. తెర, చట్రం కలిసేచోట గోరును మెల్లగా నడిపించాలి. సందు అంతటా ఒకే వెడల్పున ఉండాలి. ఒకచోట గోరు తగులుకుని మరొకచోట జారిపోతే అమరిక సరిగా లేనట్లే. తరువాత వీపు మధ్యలో బొటనవేలితో మృదువుగా నొక్కాలి. కిర్రుమనకూడదు, లోపలికి దిగకూడదు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా కదిలిస్తే బటన్లు గలగలమనకూడదు. కొన్ని ఫోన్లలో కెమెరా లోపలి భాగం కదిలే చప్పుడు సహజంగానే వస్తుంది. దానిని చూసి కంగారు పడవద్దు. నా ఫోను ఈ పరీక్షలో నెగ్గింది. చట్రం విషయంలో నొచ్చుకున్న మనసు ఇక్కడ కుదుటపడింది.

ఐదవది ఛార్జింగ్ రంధ్రం. ఫోను మొత్తంలో రోజూ రాపిడికి గురయ్యేది ఇదే. అయినా కొనేటప్పుడు దీనిని చూసేవారు అరుదు. పిన్ను పెట్టినప్పుడు స్పష్టంగా కూర్చున్నట్లు తెలియాలి. పెట్టిన తరువాత అటూ ఇటూ ఊగకూడదు. ఆ సోదరి ఇంట్లో జరిగేది మన ఇళ్లన్నింటిలోనూ జరుగుతుంది. ఛార్జింగ్ తీగ తగిలించే ఉంచి, ఫోనును దిండుకు ఆనించి మాట్లాడతాం. బరువంతా వంగిన పిన్ను మీద పడుతుంది. రంధ్రం వదులు కావడానికి ఇదొక ప్రధాన కారణం. చాలా ఫోన్లలో ఈ రంధ్రం ఒక చిన్న విడి బోర్డు మీద ఉంటుంది. అటువంటివాటిలో దానిని మాత్రమే మార్చవచ్చు. ప్రధాన బోర్డుకే అతికి ఉంటే బాగుచేత కష్టమూ ఖర్చూ పెరుగుతాయి. ఈ సంగతి పెట్టె మీద ఉండదు. రిపేరు చేసే కుర్రవాడిని అడిగితే ఒక్క మాటలో చెబుతాడు.

ఆరవది నీరు. కుర్తా జేబులో ఫోను ఉంచుకుని వుజూ చేసేవారికి ఇది ముఖ్యం. పెట్టె మీద ఐపీ అనే అక్షరాల ప్రక్కన రెండు అంకెలు ఉంటాయి. మొదటిది దుమ్ము నుండి, రెండవది నీటి నుండి రక్షణను సూచిస్తుంది. దుమ్ముకు 6 అంటే లోపలికి ఏమాత్రం చొరబడదు. 5 అంటే కొంత చొరబడినా పనికి ఆటంకం ఉండదు. నీటికి 4 అంటే చిందిన తుంపరలను తట్టుకుంటుంది. 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉండగలదు. 8 అంటే అంతకు మించి, కంపెనీ పేర్కొన్న లోతులో నిలుస్తుంది. నా ఫోను ఐపీ 54. అంటే వుజూ తుంపరలకు భయం లేదు, తొట్టిలో పడితే మాత్రం పూచీ లేదు. ఈ పరీక్షలు కొత్త ఫోను మీద, శుభ్రమైన నీటితో జరుగుతాయి. ఒకసారి పడి అతుకు సడలిన ఫోనుకు ఆ అంకెలు వర్తించవు. పైగా చాలా కంపెనీలు నీటి వల్ల కలిగే నష్టాన్ని వారంటీలో చేర్చవు.

ఇవన్నీ చూస్తున్నప్పుడు పాత రోజులు గుర్తుకు రాక మానలేదు. 2003లో వచ్చిన నోకియా 1100ను మీలో చాలామంది వాడి ఉంటారు. దుమ్ము చొరబడకుండా ఒకే రబ్బరు పలకగా అమర్చిన బటన్లు, కరెంటు పోతే టార్చి, వీపు తీస్తే చేతికి వచ్చే బ్యాటరీ. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోను అది. దానిలో మెరిసేది ఏదీ లేదు. బ్యాటరీ పాడైతే ఎవరి సాయమూ లేకుండా మార్చుకునేవాళ్లం. నేటి ఫోన్లలో బ్యాటరీని లోపల జిగురుతో అతికిస్తున్నారు. ఈ తీరును మార్చడానికే ఐరోపా సమాఖ్య, 2027 ఫిబ్రవరి 18 నుండి ఇటువంటి పరికరాల బ్యాటరీలను వాడకందారే తీసి మార్చుకోగలిగేలా ఉంచాలని, కొన్ని మినహాయింపులతో, 2023లో నిబంధన చేసింది. ఇక్కడే ఒక హెచ్చరిక. కొన్నాళ్లకు ఫోను వీపు ఉబ్బినట్లు, అతుకు విడినట్లు కనిపిస్తే అది లోపలి బ్యాటరీ ఉబ్బడం వల్ల కావచ్చు. దానిని నొక్కవద్దు, గుచ్చవద్దు, ఛార్జింగ్ పెట్టవద్దు. వెంటనే తెలిసినవారికి చూపించండి.

ఇక ఆ సోదరి ప్రశ్నకు నేను పంపిన సమాధానం. మాంసానికి కొనే గొర్రెను తడమాలి, పాల గొర్రెకు పొదుగు చూడాలి అని పైన చెప్పుకున్నాం. దేని కోసం కొంటున్నామో దానిని బట్టి ఏది చూడాలో నిర్ణయమవుతుంది. మీ ఫోను పని రాత్రి తొమ్మిదిన్నరకు పిల్లలకు తండ్రిని చూపించడం. కాబట్టి వీపు రంగు చూడవద్దు, ప్లాస్టిక్ వీపు తీసుకోండి. అంచులు వంపు తిరిగిన తెర వద్దు, చదునైన తెర తీసుకోండి. దానికి రక్షణ గాజు సరిగా అతుకుతుంది. ఛార్జింగ్ పిన్ను పెట్టి తీసి చూడండి. దుకాణంలోనే ఒకరికి ఫోను చేసి, అవతలివారి గొంతు మీకూ మీ గొంతు వారికీ స్పష్టంగా వినిపిస్తున్నాయో లేదో చూసుకోండి. అన్నింటికన్నా ముందు ఒక్క ప్రశ్న అడగండి: “ఈ ఫోను తెర పగిలితే మార్చడానికి ఎంత అవుతుంది? ఈ ఊళ్లో దొరుకుతుందా?” ఆ జవాబు విన్న తరువాతే డబ్బు తీయండి.

ఆన్‌లైన్‌లో తెప్పించుకునే వారికి మరొక మాట. ఫిఖహ్ పాఠంలోని హక్కు పుస్తకంలో విశాలంగా ఉన్నా, అమ్మేవారి షరతులు చాలా చోట్ల ఇరుకుగా ఉంటాయి. కొన్ని రోజుల లోపు, అదీ లోపం ఉంటేనే, మార్చి ఇస్తామంటారు. కొనే ముందే అది చదవండి. పార్శిలు విప్పేటప్పుడు ఇంకొక ఫోనుతో వీడియో తీయించండి. బిల్లు భద్రపరచండి. లోపమున్న సరుకును అమ్మి ముఖం చాటేస్తే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. సరుకులోని ఐబును దాచి అమ్మడం ఎంతటి దోషమో వ్యాపారం చేసే మన సోదరులకు నేను వేరుగా చెప్పనవసరం లేదు.

పది రోజుల క్రితం ఆ సోదరి కొత్త ఫోను తీసుకున్నారు. బూడిదరంగు ప్లాస్టిక్ వీపు, ఏ మెరుపూ లేదు. నేను చెప్పిన ప్రశ్నను దుకాణంలో అడిగితే, అమ్మే అబ్బాయి ఒక క్షణం ఆమె వైపు చూసి, “అమ్మా, కొనకముందే ఈ మాట అడిగినవారు మీరే మొదలు” అన్నాడట. వెల తెలుసుకుని, ఇంకొక ఫోను వెల కూడా అడిగి, రెండింటిలో తెర చవకగా దొరికేదానిని తెచ్చుకున్నారు. అలా మిగిలిన నాలుగు వందలతో పౌచి, రక్షణ గాజు వేయించారు. ఫోనును ఆనించి పెట్టడానికి దిండుకు బదులు ఇప్పుడు ఆ ఇంట్లో ఒక చిన్న చెక్క రెహల్ లాంటి స్టాండు ఉందని నా భార్య చెప్పింది.

వస్సలామ్.